పోటు వేళకు వచ్చే మంచు తుఫాను

2018 జనవరి మొదటి వారంలో అమెరికా ఈశాన్య తీరాన ఉన్న గ్లాస్టర్ ఊరి వాళ్లు చాలామంది నిబంధనను తు.చ. తప్పకుండా పాటించి కార్లు పోగొట్టుకున్నారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని పాత రేవు పట్టణం అది. భారీగా మంచు కురుస్తుందన్న కబురు వస్తే అక్కడ వీధుల్లో కార్లు నిలపకూడదు, మంచు తోసే బండ్లకు దారి కావాలి. అందుకని జనం తమ కార్లు తీసుకెళ్లి హైస్కూలు పార్కింగ్ స్థలంలో పెట్టారు. 4వ తేదీ మధ్యాహ్నం పోటు వేళకు సముద్రం ఆ స్కూలు ఆవరణలోకి వచ్చేసింది. నీళ్లు ఎంత వేగంగా వచ్చాయో చలి కూడా అంతే వేగంగా దిగింది. నిలిచిన నీరు నిలిచినట్టే గడ్డకట్టి, కార్లు చక్రాల దాకా మంచులో బిగుసుకుపోయాయి. ఇంజిన్లలోకి, సీట్లలోకి ఉప్పునీరు పోయింది. బయటికి లాగుదామంటే ముందు చుట్టూ ఉన్న గడ్డను పగలగొట్టాలి.

శీతల ప్రాంతపు తీరంలో చలికాలపు తుఫాను ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ పార్కింగ్ స్థలం ఒక్కటి చాలు. గాలి, ఉప్పెన, మంచు, చలి నాలుగూ కలిసి వస్తాయి. మంచు కోసం తీసుకున్న జాగ్రత్త ఉప్పెన ముందు చెల్లదు. ఉప్పెన తీసినా దాని వెంట వచ్చిన చలి తీయదు. వీటన్నిటికీ మించి అక్కడ నష్టం ఎంతన్నది తేల్చేది తుఫాను బలం ఒక్కటే కాదు. అది ఏ తిథినాడు, ఏ గంటకు వచ్చిందన్నదీ అంతే ముఖ్యం.

న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఆ ప్రాంతంలో ఇలాంటి తుఫానును నార్ ఈస్టర్ అంటారు. తీరం మీదికి గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఆ పేరు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా రావచ్చు. దాని పుట్టుక మన బంగాళాఖాతపు తుఫాను పుట్టుక లాంటిది కాదు. మన తుఫానుకు ఆహారం వెచ్చటి సముద్రపు నీరు. నార్ ఈస్టర్‌కు ఆహారం రెండు గాలుల మధ్య ఉన్న వేడి తేడా. చలికాలంలో కెనడా వైపు నుంచి గడ్డకట్టే పొడిగాలి కిందికి దిగుతుంది. అదే సమయంలో తీరానికి కొంత దూరంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంటుంది. పక్కపక్కనే ఇంత చలీ ఇంత వేడీ ఉండగా, పైన ఆకాశంలో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం వంపు తిరిగి ఆ చోటికి వచ్చిందంటే కింద అల్పపీడనం చకచకా బలపడుతుంది.

ఆ బలపడే వేగానికి ఒక కొలత ఉంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీకి చెందిన వాతావరణ శాస్త్రవేత్తలు ఫ్రెడరిక్ శాండర్స్, జాన్ జ్యాకమ్ 1980లో దాన్ని నిర్వచించారు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తుఫాను కేంద్రంలో పీడనం 24 గంటల్లో 24 మిల్లీబార్లు పడిపోతే అది 'బాంబ్'. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది. టీవీ వాళ్లు ఇప్పుడు చటుక్కున వాడేసే బాంబ్ సైక్లోన్ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. గ్లాస్టర్ కార్లను ముంచిన 2018 జనవరి తుఫానులో పీడనం ఒక్క రోజులో 59 మిల్లీబార్లు పడింది.

పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. పైన గాలి బరువు తగ్గినందుకు నీరు పైకి ఉబుకుతుంది. కానీ ఉప్పెనలో పెద్ద వాటా గాలిదే. వందల కిలోమీటర్ల మేర సముద్రం మీద గంటల తరబడి ఒకే దిక్కుగా వీచిన గాలి నీటిని తీరం వైపు నెట్టుకొస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ, నీరు వెనక్కి పోయే దారి లేదు, దాంతో మట్టం పెరుగుతుంది. దాని మీద అలలు. ఇంత జరిగినా బోస్టన్ వంటి చోట ఉప్పెన మూడు నాలుగు అడుగులు లేచిందంటే అదే పెద్ద సంగతి.

తెలుగువాళ్లకు ఈ లెక్క చిన్నదిగా కనిపించడం సహజమే. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు దాదాపు 5 మీటర్లు. పదివేల మందికి పైగా చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత సుమారు 80 రోజులకు, 1978 ఫిబ్రవరి 6, 7 తేదీల్లో, న్యూ ఇంగ్లండ్ చరిత్రలో అత్యంత ఘోరమైన నార్ ఈస్టర్లలో ఒకటి వచ్చింది. ప్రాణనష్టంలో ఈ రెండింటికీ పోలికే లేదు. కానీ రెండు తేదీలకూ పంచాంగం తీసి చూస్తే ఒక తేడా బయటపడుతుంది. దివిసీమ ఉప్పెన నాటికి అమావాస్య వెళ్లి ఎనిమిది రోజులు. నెలలో పోటు బలహీనంగా ఉండే సమయం అది. కృష్ణా తీరంలో పోటుకూ ఆటుకూ తేడా ఎప్పుడూ పెద్దగా ఉండదు గనక, 5 మీటర్ల నీటిగోడకు తిథితో పని లేకపోయింది. బోస్టన్ మీదికి తుఫాను వచ్చిన ఫిబ్రవరి 7 మాత్రం అమావాస్య.

బోస్టన్‌లో పోటు, ఆటుల మధ్య తేడా సగటున తొమ్మిదిన్నర అడుగులు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, అందులోనూ చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు, ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి మూడడుగుల ఉప్పెన ఆటు వేళ వస్తే రేవు అడుగున బురద మాత్రమే తడుస్తుంది, ఎవరికీ తెలియదు కూడా. అదే మూడడుగులు ఆరు గంటలు ఆలస్యంగా, పోటు నిండిన వేళకు వస్తే ఇళ్లలోకి నీళ్లు. తీరంలోని అధికారులు తుఫాను వార్త వినగానే చేతిలోకి తీసుకునేది పోటు సమయాల పట్టిక.

1978 తుఫానుకు ఈ లెక్క రెండు విధాలా కలిసొచ్చింది. అమావాస్య పోటు ఒకటి. ఉత్తరాన కెనడా మీద బలమైన అధికపీడనం అడ్డంగా కూర్చోవడం రెండోది. దారి లేక తుఫాను తీరం దగ్గరే తచ్చాడింది. పోటు పన్నెండున్నర గంటలకు ఒకసారి వస్తుంది. గంటల్లో దాటిపోయే తుఫాను ఒక పోటును తప్పించుకోవచ్చు, రోజుకు పైగా నిలిచే తుఫాను తప్పించుకోలేదు. వరసగా వచ్చిన పోట్లన్నిటితోనూ ఆ తుఫాను కలిసింది. మొదటి పోటు అడ్డుగోడను దెబ్బతీసింది, తర్వాతిది గోడ వెనకున్న ఇంటిని తీసుకుపోయింది. బోస్టన్ రేవులో నీటిమట్టం 15.1 అడుగులకు చేరింది. ఆ రికార్డు నలభై ఏళ్లు నిలిచింది.

నేల మీద ఇంకో కథ నడిచింది. 6వ తేదీ సోమవారం తెల్లవారకముందే మంచు మొదలవుతుందని చెప్పారు. తెల్లారినా ఆకాశం పొడిగానే ఉంది. జనం మామూలుగా ఆఫీసులకు బయల్దేరారు. పొద్దెక్కాక మంచు మొదలై, మధ్యాహ్నానికి కుండపోతగా కురవసాగింది. అందరూ ఒక్కసారిగా ఇళ్లకు బయల్దేరారు. బోస్టన్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు రూట్ 128 మీద సుమారు 3,500 వాహనాలు ఎక్కడివక్కడ మంచులో కూరుకుపోయాయి. కొందరు వెచ్చదనం కోసం ఇంజిన్ ఆపకుండా కార్లలోనే కూర్చున్నారు. పొగగొట్టాన్ని మంచు మూసేసింది, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి తిరిగింది. అలా 14 మంది చనిపోయారు. బోస్టన్‌లో 27.1 అంగుళాల మంచు పడింది. గవర్నర్ మైకేల్ డుకాకిస్ ప్రైవేటు వాహనాలు రోడ్డెక్కకుండా వారం రోజుల పాటు నిషేధం పెట్టి, కోటు బదులు స్వెటర్ వేసుకుని టీవీలో జనానికి విషయాలు చెబుతూ వచ్చాడు.

సముద్రం మీద, సేలం దగ్గర, ఒక ట్యాంకరు ఆపదలో ఉందని తెలిసి సాయానికి బయల్దేరిన 'కెన్ డూ' అనే పైలట్ పడవ అందులోని అయిదుగురితో సహా మునిగిపోయింది. సిట్యుయేట్ ఊళ్లో నీళ్లు చుట్టుముట్టిన ఇంటి నుంచి జనాన్ని తెస్తున్న పడవ అలల దెబ్బకు బోల్తాపడి అయిదేళ్ల పాప మునిగిపోయింది. రాక్‌పోర్ట్ రేవులో చిత్రకారులు తరతరాలుగా బొమ్మలు గీస్తూ వచ్చిన ఎర్రటి చేపల షెడ్డు కొట్టుకుపోయింది, ఊరివాళ్లు అదే ఏడు మళ్లీ కట్టుకున్నారు. అన్నీ కలిపి ఆ తుఫానుకు దాదాపు 100 మంది బలయ్యారు.

బోస్టన్‌కు దక్షిణాన ఉన్న ఆ సిట్యుయేట్‌నే కాస్త దగ్గర నుంచి చూడాలి. ఈశాన్యానికి ఎదురుగా, నోరు తెరుచుకుని ఉన్న తీరం దానిది. ఇళ్ల వరస, దాని ముందు కాంక్రీటు అడ్డుగోడ, గోడకు అవతల గులకరాళ్ల బీచి. తుఫానులో అల గోడను కొట్టి నిలువునా ఇంటి కప్పు కంటే ఎత్తుకు లేస్తుంది, గాలి ఆ నీటిని అలాగే ఎత్తి ఇళ్ల మీద పోస్తుంది. నీటితో పాటు గులకరాళ్లూ వస్తాయి. కిటికీలకు ముందే ప్లైవుడ్ బిగించి ఉంచేది అందుకే. గోడ దాటిన నీరు పోవడానికి దారి ఉండదు. గోడకూ వెనకున్న బురదనేలకూ మధ్య ఊరు తొట్టిలా ఉంటుంది. సముద్రం ఆటుకు తగ్గినా ఈ తొట్టిలో నీరు తగ్గదు, తర్వాతి పోటుకు వచ్చే నీరు దీని మీదే చేరుతుంది. చలి మరీ ఎక్కువైతే గోడల మీద, మెట్ల మీద, కరెంటు తీగల మీద పడ్డ తుంపర పడ్డట్టే గడ్డకడుతుంది. మర్నాడు చూస్తే సముద్రం వైపు గోడ మొత్తం అడుగు మందాన మంచు పెంకు కట్టి, తలుపు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన ఇళ్లు కనిపిస్తాయి.

లోపల నష్టం ఇంకో రకం. ఆ ప్రాంతంలో ఇంటిని వెచ్చబెట్టే బాయిలరు, వేడినీళ్ల ట్యాంకు, కరెంటు ప్యానెల్ సాధారణంగా బేస్‌మెంట్‌లోనే ఉంటాయి. ముందు మునిగేది అదే. ఉప్పునీరు తగిలిన కరెంటు ప్యానెల్ ఆరబెడితే పనికొచ్చేది కాదు, మార్చాల్సిందే. బాయిలరు ఆగితే ఇల్లు చల్లబడుతుంది, గోడల్లోని నీటి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. నీళ్లు తీసిన రెండు రోజులకు, మంచు కరిగిన వేళ, పైఅంతస్తు నుంచి రెండో వరద మొదలవుతుంది.

ఈ తీరపు రూపురేఖలనే మార్చిన తుఫాను 1978 కంటే ఇంకా పాతది. 1898 నవంబర్ 26 సాయంత్రం బోస్టన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు, అదే పేరున్న ఆవిరి ఓడ బయల్దేరింది. రాత్రికి గాలి విరుచుకుపడింది. ఓడలో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. మృతులు సుమారు 190 మంది అంటారు గానీ కచ్చితమైన సంఖ్య తేలలేదు, ప్రయాణికుల జాబితా ఉన్న ఒకే ఒక్క ప్రతి ఓడతో పాటే మునిగింది. సముద్రం అడుగున దొరికిన శిథిలాలు ఆ ఓడవేనని 2002లో నిర్ధారించారు. ఆ గాలివాన మరో పని చేసింది. సిట్యుయేట్ దగ్గర నార్త్ రివర్ సముద్రంలో కలిసే చోట ఉన్న కట్టను తెంచి నదికి కొత్త ముఖద్వారం పెట్టింది. హ్యూమరాక్ అనే పేట మిగతా ఊరి నుంచి తెగిపోయింది. ఇవాళ్టికీ సిట్యుయేట్ వాళ్లు తమ ఊళ్లోదే అయిన ఆ పేటకు రోడ్డు మీద పోవాలంటే పక్క ఊరు మార్ష్‌ఫీల్డ్ మీదుగా పోవాలి. ఆ రాత్రీ పౌర్ణమి ముంగిటే. మరుసటి రోజు గడిస్తే పౌర్ణమి.

గాలి సంగతికొస్తే, వేగం రెట్టింపైతే వస్తువు మీద దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న చెట్టు 100 కిలోమీటర్లకు ఎందుకు కూలుతుందో దీంతో తెలుస్తుంది. న్యూ ఇంగ్లండ్ ఊళ్లు చెట్ల మధ్య కట్టినవి, కరెంటు తీగలు ఎక్కువగా ఆ చెట్ల పక్క నుంచే స్తంభాల మీద పోతాయి. తడిమంచు కొమ్మలకు అంటుకుని బరువెక్కిన సమయంలో గాలి కొడితే కొమ్మ తీగ మీద పడుతుంది. 2018 మార్చి 2న, పౌర్ణమి మర్నాడు, వచ్చిన నార్ ఈస్టర్‌కు కేప్ కాడ్ ప్రాంతంలో గాలి గంటకు 140 కిలోమీటర్లు దాటింది. ఈశాన్య రాష్ట్రాలన్నిటా కలిపి 20 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. బోస్టన్ పక్కనే ఉన్న క్విన్‌జీలో మునిగిన వీధుల నుంచి జనాన్ని మట్టి ఎత్తే యంత్రాల తొట్లలో కూర్చోబెట్టి బయటికి తెచ్చారు. ఆ తుఫాను కూడా వరసగా మూడు పోట్లను పట్టుకుంది.

సముద్రం నుంచి యాభై అరవై కిలోమీటర్ల లోపల, బోస్టన్ పడమటి శివార్లలో, ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు ఉప్పెన భయం లేదు, కరెంటు భయం ఉంది. గ్యాస్ హీటరు ఉన్నా దాని ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి. అప్పుడు బయటికొచ్చేది జనరేటరు, దాంతో వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. జనరేటరును గ్యారేజీలో తలుపు తెరిచి పెట్టామని ధీమాగా ఉన్నా ప్రమాదమే, ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఆరుబయట పెట్టాలని అధికారులు చెబుతారు. హీటరు పొగ బయటికి పోయే గొట్టం గోడలో కిందివైపు ఉంటుంది, పేరుకున్న మంచు దాన్ని మూసేస్తుంది. 2005 జనవరిలో ప్లిమత్‌లో ఒక ఇంట్లో ఇలాగే జరిగి ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాతే మసాచుసెట్స్ ప్రభుత్వం ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. చదువుకోసం వెళ్లి, అద్దె తక్కువని తీరం దగ్గర బేస్‌మెంట్ గదులు వెతుక్కునే పిల్లలు మాత్రం ఉప్పెన సంగతి కూడా అడగాలి. ఆ ఇల్లు వరద మ్యాపులో ఏ గీత లోపల ఉందో ఊరి వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు.

బయట ఉన్నవాళ్లకు గాలి చేసే చెరుపు మరొకటి. ఒంటి చుట్టూ ఉండే పలచటి వెచ్చటి గాలిపొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండి గాలి గంటకు 24 కిలోమీటర్లు వీస్తే, చర్మానికి అది మైనస్ 28తో సమానం. ఆ స్థితిలో కప్పుకోని ముక్కు, చెవి, వేళ్లు అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది.

నీళ్లలో పడితే అంత సమయం కూడా ఉండదు. చలినీటిలో మనిషి శరీరం ఎలా ప్రవర్తిస్తుందో తన మీదే ప్రయోగాలు చేసుకున్న కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దాన్ని '1-10-1' అని మూడు అంకెల్లో చెప్పాడు. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగశ్వాసలో నీళ్లు మింగి మునిగేది అప్పుడే. తర్వాత పది నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి, తాడు పట్టుకోవాలన్నా గట్టెక్కాలన్నా ఆలోపే. స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. మోకాళ్ల లోతు వరదే కదా అని శీతకాలంలో కారు దిగి నడిచేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నీటి అడుగున మెట్టు ఎక్కడుందో, తెరిచిన మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనపడదు, పైన మంచుగడ్డలు తేలుతుంటాయి.

1978 నాటి 15.1 అడుగుల రికార్డు పోయింది గ్లాస్టర్ కార్లు మునిగిన రోజునే. 2018 జనవరి 4న బోస్టన్ రేవులో నీరు 15.16 అడుగులకు చేరింది. పౌర్ణమి వెళ్లి రెండు మూడు రోజులు, పైగా చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్న సమయం. నగరం నడిబొడ్డున అక్వేరియం మెట్రో స్టేషన్ మెట్ల మీదుగా నీళ్లు కిందికి దిగాయి. కొత్తగా గాజు మేడలు లేచిన సీపోర్ట్ ప్రాంతంలో చెత్త డబ్బాలు వీధుల్లో తేలాయి. ఆ తుఫాను 1978 దానిలా ఆగి కూర్చోలేదు, చకచకా సాగిపోయింది. దాని ఉప్పెన సుమారు మూడడుగులే. అయినా పాత రికార్డును దాటగలిగిందంటే ఒక కారణం చంద్రుడు, రెండో కారణం సముద్రం. బోస్టన్‌లో 1921 నుంచి తీసిన కొలతల ప్రకారం సముద్రమట్టం ఏటా దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతోంది. రెండు తుఫానుల మధ్య నలభై ఏళ్లలో అది 11 సెంటీమీటర్ల పైమాటే. ఆ మేరకు కొత్త తుఫానుకు పని తగ్గింది. బోస్టన్ నగరంలో ఆరో వంతు దాకా ఒకప్పటి బురదనేలలను, రేవులను పూడ్చి కట్టినదే కావడంతో, పాతకాలంలో నీరు ఎక్కడ ఉండేదో తుఫాను రోజున మళ్లీ అక్కడికే చేరుతోంది.

ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రానికి 2024 జనవరిలో తగిలిన దెబ్బ ఇంకో తీరు. 10న ఒకటి, 13న ఒకటి, మూడు రోజుల తేడాలో రెండు తుఫానులు. మధ్యలో 11న అమావాస్య. ఈ రెండింటిలోనూ గాలి వీచింది ఈశాన్యం నుంచి కాదు, ఆగ్నేయం నుంచి. తరతరాలుగా ఈశాన్యపు గాలికి చాటు చూసి కట్టుకున్న ధక్కాలు, షెడ్లు నేరుగా దాని దారిలో పడ్డాయి. 13న పోర్ట్‌లాండ్ రేవులో నీరు 14.57 అడుగులకు లేచి, అక్కడి 1978 రికార్డును దాటింది. సౌత్ పోర్ట్‌లాండ్‌లో, విల్లర్డ్ బీచి పక్కన, వందేళ్లకు పైగా నిలిచిన మూడు చేపల గుడిసెలు అందరూ చూస్తుండగానే ఊడి నీళ్లలోకి జారిపోయాయి. లాబ్‌స్టర్ పట్టేవాళ్ల ధక్కాలు ఎన్నో విరిగాయి.

ఇప్పుడేం చేయాలన్నదాని మీద ఈ తీరంలో ఎవరి ప్రయత్నం వాళ్లది. మసాచుసెట్స్ ఉత్తర కొసన సాలిస్‌బరీ బీచిలో ఇళ్లున్నవాళ్లు చందాలు వేసుకుని, సుమారు 6 లక్షల డాలర్లు పెట్టి 14,000 టన్నుల ఇసుక తోలించి ఇళ్ల ముందు దిబ్బ పోయించారు. పని ముగిసిన మూడు రోజులకు, 2024 మార్చి 10న, తుఫాను వచ్చి అందులో పెద్ద భాగాన్ని పట్టుకుపోయింది. ఆనాడూ అమావాస్యే. డబ్బు నీళ్లపాలైందని దేశమంతా నవ్వినా, ఇసుక పోయింది గానీ దాని వెనక ఇళ్లు నిలిచాయని అక్కడివాళ్లు సమాధానం చెప్పారు.

బోస్టన్ రేవు ముఖాన, సముద్రానికి అడ్డంగా, తెరిచి మూసే తలుపులతో భారీ కట్ట కట్టవచ్చా అని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బోస్టన్ శాఖ నిపుణులు పరిశీలించారు. అయ్యే ఖర్చుకూ పట్టే దశాబ్దాలకూ తగ్గ ప్రయోజనం ఉండదని 2018లో తేల్చారు. తీరం వెంట ఎక్కడికక్కడ పల్లపు నేలలను ఎత్తు చేయడమే మేలని సూచించారు. నగరం ఆ దారినే పట్టింది. నార్త్ ఎండ్ పేటలో నీటి ఒడ్డున ఉన్న లాంగోన్ పార్కును ఎత్తు పెంచి, అడ్డుగోడతో సహా తిరిగి కట్టారు. సిట్యుయేట్, మార్ష్‌ఫీల్డ్‌లలో పాత ఇళ్లను జాకీలతో పైకి లేపి స్తంభాల మీద నిలబెడుతున్నారు. బాయిలరు, కరెంటు ప్యానెల్ బేస్‌మెంట్ వదిలి మేడ మీదికి చేరుతున్నాయి.

మెయిన్‌లో విరిగిన ధక్కాలను తిరిగి కట్టుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో 68 చోట్లకు 2 కోట్ల 12 లక్షల డాలర్లు ఇచ్చింది. ఎంత ఎత్తున కట్టాలన్నది మాత్రం పడవవాళ్లు తేల్చుకోవాల్సిన లెక్క. పోటుకు తగ్గట్టు రెండడుగులు పైకి లేపితే తుఫాను రోజున ధక్కా నిలుస్తుంది. మిగతా రోజుల్లో, ఆటు వేళ, పదడుగుల కిందికి దిగిన పడవలోంచి ఎర పీపాలనూ లాబ్‌స్టర్ పెట్టెలనూ ఇంకో రెండడుగులు ఎక్కువ ఎత్తుకు లాగాలి. దానికి పెద్ద క్రేను కావాలి, క్రేను బరువుకు ఇంకా లావుపాటి దూలాలు కావాలి. కొందరు ధక్కాను ఎత్తుకే కట్టి, పక్కన పోటుతో లేచి ఆటుతో దిగే తేలే వేదికను కట్టుకుంటున్నారు. చలికాలం మొదలవుతుందనగా దాన్ని విప్పి ఒడ్డుకు లాక్కుంటారు.